కొలవకుండా వచ్చిన ఉద్యోగం

ఆదివారం ఆరాధన అయ్యాక జనం నాచారంలోని ఎస్తేర్ ఇంటి మేడ మీదికి వెళ్లారు. అక్కడ షామియానా వేశారు. ఎస్తేర్ అన్న, రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్ కొండేటి భూషణం, ప్రభుత్వంలో పదవి తీసుకుని నాలుగు నెలలైంది. ఆయనకు తీరిక లేక వాయిదా పడుతూ వచ్చిన కృతజ్ఞతా కూడిక అది.

ఇంట్లో మేలు జరిగితే పాస్టర్‌ను, తెలిసినవాళ్లను పిలిచి పాటలు పాడి, ప్రార్థన చేయించి, భోజనం పెట్టడం ఆ వీధుల్లో ఆనవాయితీ. వాక్యం అయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పవచ్చు. ఎవరు లేస్తారో ముందుగా అనుకోరు. లేచినవాళ్లను కూర్చోమని అనరు.

భూషణం తండ్రి జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరాడు. భూషణం అక్కడే పెరిగారు. డిగ్రీ అయిన ఏడాదే సైన్యంలోకి వెళ్లారు. పటాలంలో లెఫ్టినెంట్‌గా మొదలుపెట్టి, ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత కోర్ కమాండర్‌గా దిగారు. ఆయన గురించి వీధిలో చెప్పుకునే విషయం ఒకటుంది. సొంత మేనల్లుడికి సైనిక పాఠశాలలో సీటు కోసం ఒక్క మాట చెప్పమని ఎస్తేర్ అడిగితే ఆయన చెప్పలేదు. రెండేళ్లు ఆమె అన్నతో మాట్లాడలేదు.

ప్రభుత్వం ఆయన్ను పిలవడానికి కారణం కూడా అదే. యూనిఫాం సేవల నియామక మండలిలో ప్రశ్నపత్రం బయటికి వచ్చింది. ఫైర్, జైళ్లు, అటవీ కాపలా, ఈ మూడు శాఖల ఉద్యోగాలు ఆ మండలి చేతిలో ఉన్నాయి. పరీక్ష మళ్లీ పెట్టారు. ఛైర్మన్‌ను మార్చారు. ఎవరి మాటా వినని మనిషి కావాలని వెతికితే జనరల్ భూషణం దొరికారు. హబ్సిగూడలో మండలి ఆఫీసుకు వచ్చిన మొదటి రోజే ఆయన ఒక పద్ధతి పెట్టారు. అభ్యర్థుల అర్జీలు కింది సెక్షన్‌కు పోకూడదు. రోజూ పొద్దున ఆయనే చదివి, ప్రతిదాని గురించి ఆయనే అడుగుతారు. అడిగినవాటన్నిటికీ వారంలోపు పరిష్కారమైందని జవాబు వచ్చింది. ఆ సంగతి పత్రికల్లో కూడా వచ్చింది.

పాస్టర్ గారు వాక్యం ముగించి, "ఎవరికన్నా సాక్ష్యం ఉంటే చెప్పొచ్చు," అన్నారు.

రెండో వరుసలో సువార్తమ్మ లేచింది. ఆమెకు ఎనభై దాటాయి. భూషణం తల్లికి స్నేహితురాలు. చిన్నప్పుడు భూషణానికి స్నానం చేయించిన మనిషి. చర్చి యువకుడొకడు మైకు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఇంకొకడు ఫోన్‌ను స్టాండుకు పెట్టి కూడికను చర్చి ఛానెల్‌లో లైవ్ ఇస్తున్నాడు.

"అందరికి వందనాలు," అంది సువార్తమ్మ. "నేనెవ్వరో మీకందరికి ఎరికే. మా మనుమడు టిమోతి ఫైర్ నౌకరికి పోయిండు. పరీక్షల పాసయిండు. ఉరుకుడుల పాసయిండు. ఛాతీ కొలిసేకాడ ఫెయిలని రాసిన్రు. గాలి వీలిస్తే ఐదు సెంటీమీటర్లు ఉబ్బాలెనంట. మనోనికి మూడే వచ్చిందంట. పిల్లగాడు అన్నం ముట్టలే."

"దేవా," అన్నారు వెనుక ఎవరో.

"గప్పుడు నేను గీ భూషణం కాడికి వోయిన. కాయిదం ఇచ్చిన. బిడ్డా, జర సూడు అన్న. నాయన ఎక్కువ మాట్లాడడు, మీకెరికే. ఆఫీసుల ఒక్కటే మాట అడిగిండంట. ఒక్కటే. వారం తిరగకముందే ఫోన్ల మెసేజ్ వచ్చింది, సెలెక్టయినవని. మల్ల పిలువలే. మల్ల కొలువలే." ఆమె చేయి పైకెత్తింది. "మనుషులు కొలిస్తే తక్కువొచ్చింది. దేవుడు కొలిస్తే సరిపోయింది. దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అన్నారు చాలామంది. అంతలో ముందు వరుసలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో స్తోత్రం సగంలో ఆగింది.

సువార్తమ్మ పక్కింట్లో బట్టలు కుట్టే నీలవేణి భోజనానికని వచ్చింది. ఆమె ఎస్తేర్ చెవి దగ్గరికి వంగింది. "అక్కా, లైవ్ నడుస్తున్నది గద. గీమెకు ఎవరన్న చెప్పున్రి."

"మా వోనికి ఎత్తు అర ఇంచు తక్కువున్నది," అన్నాడు వెనుక వరుసలో ఒకాయన, పక్కాయనతో. "గా దేవుని టేపు ఒక్కపారి ఇటు గూడ పట్టుమను." పక్కాయన నవ్వలేదు.

ఫోన్ పట్టుకున్న యువకుడు కెమెరాను జనరల్ వైపు తిప్పాడు. అలా తిప్పమని ఎవరూ చెప్పలేదు.

జనరల్ లేచి నిలబడ్డారు. మైకు అడగలేదు. "చిన్నమ్మా, మళ్లా కొలవలేదా?"

"లేదు బిడ్డా," అంది సువార్తమ్మ మైకులోనే. "నువ్వుండంగ కొలుసుడెందుకు?"

పాస్టర్ గారు ఆశీర్వాద ప్రార్థన మొదలుపెట్టారు. కళ్లు మూసుకున్నవాళ్లు తక్కువ.

*

సోమవారం పొద్దున జనరల్ హబ్సిగూడ ఆఫీసుకు వచ్చేసరికి ఆ వీడియో అందరి ఫోన్లలో ఉంది. ఆయన మండలి కార్యదర్శి చలపతిరావును పిలిపించారు. చలపతిరావు ఆ ఆఫీసులో ముగ్గురు ఛైర్మన్లను చూశాడు. నిలబడే మాట్లాడతాడు.

"టిమోతి అనే కుర్రాణ్ని మళ్లీ కొలిచారా?"

"మీరు అడిగారు కదా సర్."

"ఏం అడిగాను?"

"ఈ హాల్‌టికెట్ నంబరు ఏమైందని అడిగారు."

"దానికి జవాబేమిటి?"

"సెలెక్ట్ చేశాం సర్. అదే జవాబు."

జనరల్ కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు. "కొలత తప్పా, ఒప్పా చూసి చెప్పమని నా ఉద్దేశం."

"రిజెక్టయిన మనిషి గురించి ఛైర్మన్ గారు స్వయంగా అడిగితే, రిజెక్టవడం సబబేనని చెప్పడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది సర్? ఇదివరకటి వాళ్లయితే 'చేసెయ్' అనేవారు. మీరు పెద్దమనిషి, నోటితో అనరు, మర్యాదగా అడుగుతారు అనుకున్నాం."

"మర్యాదగా."

"అవును సర్. సెక్షన్‌లో అందరూ అదే అనుకున్నారు. ఈయన పద్ధతి బాగుందన్నారు."

బయట మెట్రో వెళ్లింది.

"ఇంకా ఎవరెవరికి ఇలా చేశారు?"

చలపతిరావు ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. "మీరు అడిగినవన్నీ సర్."

"అన్నీ అంటే?"

"అన్నీ. ఒక్కటి కూడా పెండింగ్ ఉంచలేదు."

నాలుగు నెలలు రోజూ పొద్దున జనరల్ ఆ కుర్చీలో కూర్చుని అర్జీలు చదివారు. ప్రతిదాని గురించి అడిగారు. ఏదీ వదలకపోవడం ఆయనకు సైన్యంలో అబ్బిన అలవాటు.

"పోస్టులు పెరగలేదు. ఇంతమందిని ఎక్కడ పెట్టారు?"

"లిస్టు చివర ఉన్నవాళ్లు కిందికి జరిగారు సర్."

"వాళ్లు ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు సర్. కొందరు మీకు అర్జీలు పెట్టుకున్నారు. మీరు వాళ్ల గురించి కూడా అడిగారు."

"అప్పుడు?"

"వాళ్లనీ పైకి తెచ్చాం. వేరేవాళ్లు జరిగారు."

జనరల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. కింద కోచింగ్ సెంటర్ల ముందు అబ్బాయిలు నిలబడి ఉన్నారు. వాళ్లలో కొందరు తల పైకెత్తి మండలి బోర్డు వైపు చూస్తున్నారు. ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నారు.

"చలపతిరావు గారూ, ఇకనుంచి నేను ఏదైనా అడిగితే నాకు జవాబు కావాలి. పని కాదు. జవాబు. అర్థమైందా?"

"అర్థమైంది సర్."

"అందరికీ చెప్పండి."

"చెప్తాను సర్."

సచివాలయం నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మన్నారు. జనరల్ టోపీ తీసుకుని తలుపు దాకా వెళ్లి ఆగారు.

"ఆ టిమోతి అసలు అర్హుడా, కాదా?"

"చూస్తాను సర్," అన్నాడు చలపతిరావు.

*

సచివాలయంలో ఆయనతో మాట్లాడిన అధికారి కాఫీ తెప్పించాడు. విషయం పెద్దది కాదన్నాడు. ముసలామెకు మతి నిలకడ లేదని బంధువులతో ఒక మాట చెప్పిస్తే చాలన్నాడు.

"ఆమె చెప్పింది నిజం," అన్నారు జనరల్.

"మీరు రికమెండ్ చేశారా?"

"చేయలేదు."

"మరి ఆమె చెప్పింది నిజం ఎలా అవుతుంది?"

జనరల్ జరిగింది జరిగినట్టు చెప్పారు. అధికారి విన్నాడు. విన్నాక, ఇది బయట ఎవరికీ చెప్పవద్దన్నాడు. లంచం తీసుకున్నాడంటే జనం నమ్ముతారు, ఒక్క ప్రశ్నతో ఇంత జరిగిందంటే ఎవరూ నమ్మరు అన్నాడు. జాలిగానే అన్నాడు.

తిరుగు దారిలో తార్నాక దాటాక కారు సిగ్నల్ దగ్గర ఆగింది. మెట్రో స్తంభాల మధ్య జీహెచ్ఎంసీ వాళ్లు మొక్కల కొమ్మలు కత్తిరిస్తున్నారు. జనరల్‌కు ఒక చెట్టు గుర్తుకు వచ్చింది.

అది కోర్ హెడ్‌క్వార్టర్స్ మెస్ ముందు ఉండేది. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఆయన వరండాలో నిలబడి, "ఈ చెట్టు వయసెంత ఉంటుంది?" అని అడిగారు. తెల్లవారి చూస్తే అక్కడ చెట్టు లేదు. చెద పట్టిందని, కొట్టేశామని చెప్పారు. ఆయన నమ్మారు. మెస్‌లో మొదట ఉన్న వంటవాడు కొన్నాళ్లకు కనిపించకుండా పోయాడు. అంతకుముందే ఆయన అతన్ని, "మీది ఏ ఊరు?" అని అడిగారు. సొంత ఊరి దగ్గరికి పోస్టింగ్ అడుక్కున్నాడని చెప్పారు. అదీ నమ్మారు. ఒక మేజర్ గురించి, "ఇతనికి పిల్లలున్నారా?" అని అడిగారు. ఆ ఏడాది ఆ మేజర్‌ను సరిహద్దు పోస్టు నుంచి వెనక్కి తెచ్చారు. అతని బదులు ఇంకొకరిని పంపారు. ఆ ఇంకొకరు తిరిగి రాలేదు. శవపేటికకు సెల్యూట్ చేసింది భూషణమే. ఆ మార్పు ఎందుకు జరిగిందని ఆయన అప్పుడు ఎవర్నీ అడగలేదు.

పచ్చ సిగ్నల్ పడింది. వెనుక బస్సు హారన్ కొట్టింది. డ్రైవర్ అద్దంలో చూసి, "సర్, ఆఫీసుకా?" అన్నాడు.

"నాచారం పోనివ్వు."

*

సువార్తమ్మది రెండు గదుల ఇల్లు. వాకిట్లోకి సాయంత్రపు ఎండ వస్తోంది. నీలవేణి గడప మీద కూర్చుని ఉంది. జనరల్ కారు దిగగానే లేచి పక్కకు జరిగింది. నమస్తే పెట్టలేదు.

లోపల టిమోతి మంచం మీద ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లు. మల్లాపూర్‌లో ఒక వెల్డింగ్ షాపులో పనిచేసేవాడు. సెలెక్టయ్యానని పది రోజుల క్రితం అక్కడ మానేశాడు. అతను తన ఫోన్‌ను జనరల్‌కు చూపించాడు. ఎంపిక రద్దయినట్టు మండలి నుంచి మెసేజ్ ఉంది. అది మధ్యాహ్నం వచ్చింది. ఆ సమయానికి జనరల్ సచివాలయంలో కాఫీ ముందు కూర్చుని ఉన్నారు.

"మీరు పొద్దున నా గురించి అడిగిన్రా సర్?" అన్నాడు టిమోతి.

"అడిగిన."

"ఏమని?"

"నువ్వు అర్హుడివా కాదా అని."

టిమోతి ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

సువార్తమ్మ వంట గదిలోంచి వచ్చింది. "నేను సాక్ష్యం చెప్పినందుకు కోపమొచ్చిందా బిడ్డా? గట్ల చెప్పొద్దని నాకు తెల్వదు. దేవుడు మేలు జేస్తే నలుగుట్ల చెప్పాలంటరు గద, చెప్పిన. నామీది కోపం వానిమీద తీసుడేంది?"

"నేను తియ్యలేదు చిన్నమ్మా."

"మరెవరు తీసిన్రు? నీకంటె పెద్దోళ్లున్నరా గా ఆఫీసుల?"

జనరల్ టిమోతి వైపు తిరిగారు. "నిన్ను మొదలు ఎప్పుడు కొలిచిన్రు? ఉరుకుడుకు ముందా, తర్వాతా?"

"తర్వాత సర్. ఉరికొచ్చిన ఎంబటే. ఊపిరి ఆడుతలేదు. గాలి వీల్చు అన్నరు. ఎక్కడ వీలుస్త? అప్పటికే నిండి ఉన్నది."

"ఆ మాట నాకిచ్చిన అర్జీల రాసినవా?"

"రాసిన సర్. మీరు సదివిన్రు గద."

చదివారు. ఆ వాక్యం కింద గీత కూడా గీసింది ఇప్పుడు గుర్తుకు వచ్చింది. అది చదివాకే ఆ నంబరు గురించి అడిగారు.

జనరల్ గడప వైపు చూసి, "అమ్మా, టేపు ఉందా?" అన్నారు. నీలవేణి పక్కనే ఉన్న తన ఇంట్లోకి వెళ్లి కుట్టుపని టేపు తెచ్చింది. టిమోతి చొక్కా విప్పి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జనరల్ కళ్లద్దాలు పెట్టుకుని టేపును అతని ఛాతీ చుట్టూ తిప్పి పట్టారు. ఎనభై రెండు.

"పీల్చు."

టిమోతి పీల్చాడు. జనరల్ అంకె చూశారు. టేపు వదిలి మళ్లీ పట్టారు. మళ్లీ పీల్చమన్నారు.

"ఎంత?" అంది సువార్తమ్మ.

"ఎనభై ఎనిమిది."

"అంటే?"

"ఆరు ఉబ్బింది అవ్వా," అన్నాడు టిమోతి. "ఐదుంటే సాలు."

సువార్తమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "గట్లయితే నౌకరి వానిదే గద. ఎవ్వరు ఇయ్యకున్నా వానిదే గద."

నీలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జనరల్ ఫోన్ తీసి చలపతిరావుకు చేశారు. అందరికీ వినిపించాలని స్పీకర్ పెట్టారు. "చలపతిరావు గారూ, రాసుకోండి. నేను ఎవరెవరి గురించి అడిగానో వాళ్లందర్నీ, వాళ్ల వల్ల కిందికి జరిగినవాళ్లందర్నీ గ్రౌండుకు పిలవండి. మళ్లీ కొలవాలి. పరుగు లేకుండా, పొద్దున పూట, అభ్యర్థుల ముందే, వీడియో తీస్తూ. ఇది అడగడం కాదు. ఆర్డర్."

"అలాగే సర్. ఉప్పల్ గ్రౌండ్ తీసుకుంటాను సర్."

"తీసుకోండి."

"సర్, ఒక్క విషయం." చలపతిరావు గొంతు తగ్గించాడు. స్పీకర్‌లో అది ఇంకా స్పష్టంగా వినిపించింది. "టిమోతికి ఎంత రావాలి సర్?"

టేపు ఇంకా జనరల్ చేతిలో ఉంది. ఆయన నోరు తెరిచారు. ఆరు అన్న మాట పెదవుల దాకా వచ్చి ఆగింది. ఆయన ఫోన్ కట్ చేశారు.

"చెప్పకపోయిన్రా సర్," అన్నాడు టిమోతి. "ఉన్నదే గద చెప్పేది."

"నేను చెప్తే వాళ్లు కొలవరు. అదే రాసుకుంటరు."

"రాసుకోనియ్యిన్రి. ఉన్నదే రాసుకుంటరు."

"మిగిలినవాళ్లకు ఎంతని చెప్పాలె బిడ్డా? వాళ్ల ఛాతీ నేను చూడలే."

టిమోతి చొక్కా వేసుకున్నాడు. గుండీలు పెట్టుకోలేదు. "గిప్పుడు నాకు నౌకరి వస్తే జనరల్ ఇప్పిచ్చిండంటరు. లైవ్‌ల మా అవ్వనే చెప్పింది. రాకుంటే దొరికిపోయిండు గందుకే తీసేసిన్రు అంటరు. కొలిస్తే ఎవ్వడు నమ్ముతడు సర్?"

"నేను ఆ కుర్చీల లేకుంటే నమ్ముతరు," అన్నారు జనరల్. "రేపు దిగిపోత. నేను దిగిన తర్వాతనే టేపు పట్టమని రాసిచ్చి దిగుత."

సువార్తమ్మ తలెత్తింది. "దిగుడేంది? కష్టపడి గంతదాక వోయినవ్. మీ అమ్మ ఉంటే ఏమంటుండె?"

జనరల్ టేపు చుట్టి నీలవేణికి ఇచ్చారు. చెప్పులు వేసుకోవడానికి గడప దగ్గర వంగారు. వెనుకనుంచి టిమోతి అడిగాడు.

"మీరు దిగిపోతే మమ్మల్ని గ్రౌండుకు పిలిచేటందుకు ఎవరుంటరు సర్?"

ఆయన రెండో చెప్పు వేసుకోలేదు. వేసుకున్నది కూడా విడిచి వెనక్కి వచ్చి, టిమోతి పక్కన మంచం మీద కూర్చున్నారు.